హైమ ఎదురుచూసిన అనుమతి

హెచ్.ఆర్. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. సైదాబాద్ సందుల్లో మా ఇల్లు కనుక్కోవడమే వాళ్లకు మొదటి పరీక్ష. టీ తాగాక అందరూ ఒకటే అడుగుతారు, బెనిఫిట్స్ అంటే అసలు ఏం పని సార్ అని. నేను ఉద్యోగ జీవితమంతా చేసింది ఆ పనే. ఉద్యోగుల ఇన్సూరెన్స్, దవాఖాన బిల్లులు, కానుపులు, ఆపరేషన్లు, చావులు. ఎవరికి ఎంత జీతం ఇవ్వాలో వేరేవాళ్లు చూసేవారు. ఆ జీతం సరిపోని రోజు వస్తే ఏం చేయాలో నేను చూసేవాణ్ణి.

మా కంపెనీ కొత్తపేటలో, మెట్రో లైను పక్కనే ఉన్న ఒక భవనంలో ఉండేది. కింద చీరల దుకాణం, పై అంతస్తుల్లో మేము. అమెరికా ఆసుపత్రుల బిల్లుల పని మాది. అక్కడ ఎవరికో వైద్యం జరుగుతుంది. ఆ బిల్లును అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపడం, వాళ్లు ఇచ్చేది లేదంటే ఎందుకివ్వరని మళ్లీ రాయడం, ఇవన్నీ ఇక్కడినుంచి మా దగ్గర పనిచేసే పిల్లలు చేసేవారు. సాయంత్రం టిఫిన్ డబ్బాలతో వచ్చి, తెల్లవారాక మొదటి మెట్రో ఎక్కి పోయేవారు. పగలు ఆ భవనంలో నాలాంటివాళ్లం కొందరమే మిగిలేవాళ్లం.

నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చిన రెండూ ఆలస్యంగానే వచ్చాయి. ఫారాల గురించీ రాయను, అవి మీకు మొదటి వారంలోనే వచ్చేస్తాయి. ఎన్నేళ్లున్నా కొందరికి రానివి వేరే ఉన్నాయి. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

దోస్తు కోసం అడిగేవాళ్లు

ఈ పనిలో మొదట తెలుసుకోవలసింది, మనిషి తన కష్టాన్ని తనదిగా చెప్పుకోడని. ముఖ్యంగా పిల్లలు పుట్టని కష్టాన్ని.

నరసింహ అని ఒక టీమ్ లీడర్ ఉండేవాడు. ఇబ్రహీంపట్నం వైపు మనిషి, గట్టిగా మాట్లాడతాడు. ఒకరోజు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"సార్, మా దోస్త్ ఒకడున్నడు. పెండ్లయి ఆరేండ్లాయె, పిల్లలు లేరు. గా ట్రీట్‌మెంట్‌కు మన పాలసీల పైసలొస్తయా?"

"మీ దోస్త్ మన కంపెనీల చేస్తడా?"

"లే సార్, బయట."

"బయటోనికి మన పాలసీ ఎట్లొస్తది నర్సింహా?"

తల గోక్కుని వెళ్లిపోయాడు. పది రోజులు పోయాక మళ్లీ వచ్చాడు. ఈసారి ఆ దోస్తు మా కంపెనీలోనే చేరాడట. ఎక్కడ కూర్చుంటాడని అడిగితే, నా పక్కకే సార్ అన్నాడు. అతని పక్క కుర్చీ ఖాళీ అని నాకు తెలుసు. నేను నవ్వలేదు. నవ్వితే ఇక రాడు.

పాలసీ తీసి చూపించాను. ఏమేం ఇవ్వరో చెప్పే పేజీలో ఒక వాక్యం ఉంది. అందానికి చేయించుకునే ముక్కు ఆపరేషన్, పళ్లకు తొడుగులు, సంతానలేమి చికిత్స, ఈ మూడూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. నరసింహ దాన్ని రెండుసార్లు చదివాడు. "అంటే పిల్లలు గావాలనుకునుడు సోకు కిందికొస్తదా సార్" అని అడిగాడు. పాలసీ రాసినవాళ్ల లెక్కలో అంతే. దాన్ని నేను సమర్థించలేదు, అలాగని మార్చే అధికారమూ నాకు లేదు. మందుల మీద తగ్గింపు ఇచ్చే చోటు ఒకటి చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుల్లో షిఫ్టు మార్పించాను. ఊళ్లో ప్లాటు అమ్మి వైద్యం చేయించుకున్నాడు. తర్వాత ఒకరోజు మిఠాయి డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మా దోస్తుకు బిడ్డ పుట్టింది సార్" అన్నాడు. మీ దోస్తుకు ముబారక్ చెప్పు అన్నాను.

ఇంత మాత్రం చాలు చాలామందికి. మీరు పైసలు ఇప్పించలేకపోవచ్చు. మనిషి పరువు పోకుండా చూడటం మీ చేతిలో ఉంటుంది.

పోస్టర్

మా డైరెక్టర్ సుధాకర్ సార్ చెడ్డవాడు కాదు. ఇద్దరు మనుషులు, ఒక అద్దె గదితో మొదలుపెట్టి కంపెనీని అంతదాకా తెచ్చినవాడు. అయితే ఆయనకు ఏ పనైనా ముందు గోడ మీద కనిపించాలి, తర్వాత జరగాలి. చాలాసార్లు గోడ దగ్గరే ఆగిపోయేది.

ఒక ఏడు మహిళా దినోత్సవానికి అమెరికా క్లయింట్ మనుషులు వస్తున్నారన్నారు. వాళ్ల దేశంలో పెద్ద కంపెనీలు ఆడ ఉద్యోగుల అండాలు దాచిపెట్టే ఖర్చు భరిస్తాయని ఈయన ఎక్కడో విన్నాడు. తెలియనివారి కోసం చెబుతున్నాను, ఆడమనిషికి వయసు ఉండగానే కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, అండాలు బయటకు తీసి, అతి చల్లని చోట గడ్డకట్టించి ఉంచుతారు. ఆమె కావాలనుకున్నప్పుడు వాటితో బిడ్డ కోసం ప్రయత్నించవచ్చు. పుడుతుందని హామీ ఏమీ లేదు. పెళ్లికాని మనిషి కూడా చేయించుకోవచ్చని మన చట్టంలోనే ఉంది. ఖర్చు మాత్రం మా పిల్లల జీతాలకు అందేది కాదు.

వారం తిరగకముందే లిఫ్టు పక్కన పోస్టర్ వెలిసింది. ల్యాప్‌టాప్ ముందు నవ్వుతున్న అమ్మాయి, మూలన ఒక పసిపాదం. అండాలు దాచుకునే ఖర్చు కంపెనీ ఇస్తుందని రాసి, కింద ఒక మెయిల్ చిరునామా ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ క్లినిక్‌లో చేయించుకోవాలి, ఒక్క నియమం కూడా లేదు.

"సార్, ముందు రూల్స్ రాద్దాం" అన్నాను.

"ఎవరడుగుతరు మల్లేశం? మనోళ్లకు గివన్ని ఎక్కడియి? వాళ్లు వచ్చిపోనీ, తర్వాత సూద్దాం."

వాళ్లు వచ్చి పోయారు. ఫొటోలు దిగారు. పోస్టర్ ఉండిపోయింది. ఆ మెయిల్ చిరునామా పోస్టర్ వేసిన మా ప్రచార విభాగం వాళ్లు తయారుచేసింది. దాని తాళం, అంటే పాస్‌వర్డ్, ఎవరి దగ్గరుందో నాకెవరూ చెప్పలేదు. నియమాలు లేని సౌకర్యాన్ని ఎవరు అడుగుతారులే అని మిగతావాళ్లు అనుకున్నారు.

అడిగిన మనిషి

హైమావతి మా అప్పీళ్ల విభాగంలో పనిచేసేది. తెనాలి దగ్గరి ఊరు. ముప్పై రెండేళ్లుంటాయి, పెళ్లి కాలేదు, చైతన్యపురిలో ఉద్యోగినుల హాస్టల్లో ఉండేది. ఇన్సూరెన్స్ వాళ్లు కాదన్న బిల్లును మళ్లీ ఒప్పించేలా ఉత్తరం రాయడం ఆమె పని. అందులో అండాలు దాచుకున్న అమెరికా ఆడవాళ్ల బిల్లులు కూడా ఉండేవి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఏ మందు ఎంత ఇచ్చారో, ఎన్ని అండాలు వచ్చాయో, ఇన్సూరెన్స్ ఎందుకు కాదందో ఈమెకు నోటికి వచ్చు.

ఒక సాయంత్రం షిఫ్టు మొదలయ్యే ముందు నా దగ్గరికి వచ్చింది. ఆపరేషన్ ఉందని, ఆసుపత్రికి కంపెనీ నుంచి పంపాల్సిన కాగితాలు కావాలని అడిగింది. రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు, అంటే పాత రక్తం నిండిన తిత్తులు. నెలనెలా భరించలేని నొప్పి. దిల్‌సుఖ్‌నగర్‌లో చూపించుకుంటున్న డాక్టరమ్మ వచ్చే వారం ఆపరేషన్‌కు తేదీ ఇచ్చింది. ఈ ఆపరేషన్ మా పాలసీలో వస్తుంది, చిక్కేమీ లేదు.

డాక్టరమ్మ రాసిన చీటీ తిరగేస్తుంటే కింద ఒక వాక్యం కనిపించింది. సిస్టులతో పాటు అండాశయం కూడా కొంత పోతుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందే అండాలు దాచుకోవాలని. తేదీ చూస్తే రెండు నెలలు దాటింది.

"గిది చేయించుకున్నవా అమ్మా?"

"లేదు సార్. అప్రూవల్ రాలేదండి."

"ఏ అప్రూవల్?"

"పోస్టర్ మీద ఉన్న అడ్రస్‌కి మెయిల్ పెట్టాను సార్. పరిశీలనలో ఉంది అని వెంటనే నంబర్ వచ్చింది. ప్రతి వారం ఆ నంబర్ వేసి గుర్తు చేస్తున్నాను. ఆపరేషన్ ఇంక ఆపలేనని డాక్టర్ గారు అంటున్నారు. అందుకని ఇది వదిలేసి ఆపరేషన్ కాగితాలకు వచ్చాను."

నేను వెంటనే కిందికి దిగి ప్రచారం వాళ్లను అడిగాను. ఆ చిరునామా తయారుచేసిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడు. నంబరు ఇచ్చే జవాబు దానంతట అదే వెళుతుంది. లోపల ఏముందో పోస్టర్ వేసిన నాటినుంచి ఎవరూ తెరిచి చూడలేదు.

ఇది మా పిల్లలు మాత్రమే చేయగల పొరపాటు. వేరే ఎవరైనా అయితే పది రోజులు చూసి నా గదికో డైరెక్టర్ గదికో వచ్చి గొడవ చేసేవారు. కానీ అమెరికా బిల్లుల్లో ముందస్తు అనుమతి లేకుండా వైద్యం మొదలైతే ఆ క్లెయిమ్ పోయినట్టే. చేరిన మొదటి రోజునుంచి మేమే వాళ్లకు అది నూరిపోశాం. నంబరు వచ్చిందంటే లోపల ఎవరో చూస్తున్నారని వాళ్ల నమ్మకం. హైమ కూడా నంబరు చూసి నమ్మింది.

తిరిగి వచ్చి చెప్పాను. ఆమె ముఖంలో పెద్దగా మార్పేమీ రాలేదు. "అయితే కాదని డినయల్ కూడా రాలేదన్నమాట" అంది.

"హైమా, జర నా మాట ఇను. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి, ఆపరేషన్ ఎన్ని రోజులు ఆపొచ్చో అడుగు. ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలువెట్టాల్నో అడుగు. మొదలువెట్టు."

"ఆథరైజేషన్ లేకుండానా సార్? క్లెయిమ్ చచ్చిపోద్ది కదండి."

"అది అమెరికా. గిది దిల్‌సుఖ్‌నగర్. ఈడ ముందుగాల వైద్యం, తర్వాత బిల్లు, గా తర్వాత కొట్లాట. కొట్లాట నాకిడిసిపెట్టు."

డాక్టరమ్మ ఒక్క నెల ఆగుతానంది. అంతకుమించి కుదరదని చెప్పింది. ఒక నెలలో ఒకసారే అండాలు తీయగలరు. రెండు నెలల క్రితం మొదలుపెట్టి ఉంటే రెండు మూడుసార్లు తీసేవాళ్లమని కూడా చెప్పిందట. ఈ ముక్క హైమ నాతో చాలా మామూలుగా చెప్పింది.

బాండ్

మరునాడు సుధాకర్ సార్ ముందు కూర్చున్నాను. విషయం చెప్పాను.

"పెండ్లే గాలె గదా, గిప్పుడెందుకు?"

"పెండ్లి అయినంక అండాశయం ఉండది సార్."

ఆయన కాసేపు పెన్నుతో ఆడాడు. తర్వాత తనకు తెలిసిన దారి పట్టాడు. మా వైపు చిన్న కంపెనీలకు ఒక అలవాటుంది. కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తే మూడేళ్లు వదిలిపోకుండా బాండ్ రాయించుకోవడం, కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా బీరువాలో పెట్టుకోవడం. ఇక్కడా అదే చేయమన్నాడు.

"ఇంత వెడితే రేపు మాదాపూర్ల ఎవడన్న నాలుగు పైసలెక్కువిస్తే పోతది. మూడేండ్ల బాండ్ రాయించు. పోతే మొత్తం కట్టి పోవాలె."

"సార్, ట్రైనింగ్ అంటే మనం చెప్పిన చదువు ఆమె పట్టుకపోతది అనుకుందాం. గివి ఆమెవే గదా. మనం ఇచ్చినయి కావు గదా."

"పైసలు మనయి."

కాగితం తయారుచేయించి హైమకు ఇచ్చాను. అప్పటికే ఇంజెక్షన్లు మొదలై మూడు రోజులైంది. ఉన్న డబ్బు మందులకే అయిపోయిందని నాకు తెలుసు. కంపెనీ ఇవ్వకపోతే అండాలు తీసే రోజు క్లినిక్‌కు కట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. సంతకం పెట్టేస్తుందనుకున్నాను. పెట్టినా తప్పనేవాణ్ణి కాను.

ఆమె నిలబడే చదివింది. ఆమె ఉద్యోగమే అలాంటి కాగితాలు చదవడం.

"సార్, నేను మానేస్తే ఏం చెయ్యాలో ఇందులో ఉందండి. వాళ్లు నన్ను తీసేస్తే ఏం చెయ్యాలో లేదు."

"తీసెయ్యరులే" అన్నాను.

"అయితే రాయడానికి అడ్డేముంది సార్?"

నా బల్ల మీది పెన్ను తీసుకుని కింద ఒక వాక్యం రాసింది. ఈ మూడేళ్లలో కంపెనీ తనంతట తాను హైమావతిని తొలగిస్తే, ఆ అండాలు నిల్వ ఉన్నంత కాలం ఏటా అయ్యే ఖర్చు కంపెనీదే అని. దాని కింద సంతకం పెట్టి నాకిచ్చింది.

సుధాకర్ సార్ అది చదివి లాయర్‌కు ఫోన్ చేశాడు. తీసేస్తే ఖర్చు కడతామని ఏ కంపెనీ రాసిస్తుంది, సంతకం పెట్టొద్దని లాయర్ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక ఆయన నవ్వాడు.

"గీ పిల్ల మన పిల్లనా, ఇన్సూరెన్సోళ్ల పిల్లనా మల్లేశం?"

"మనమే నేర్పినం సార్."

"సరే, కాయితం పక్కన పెట్టు. బిల్లు పట్టుకరా."

కొత్తవాళ్లు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. కంపెనీ ఇచ్చే సౌకర్యం దానం కాదు, మనిషిని నిలుపుకోవడానికి ఇచ్చేది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే ఆడమనిషి ఒంట్లోంచి తీసినదాన్ని తాకట్టు పెట్టుకుని ఆమెను నిలుపుకోవాలనుకుంటే అది సౌకర్యం కాదు. ఈ రెండింటికీ తేడా పైవాళ్లకు చెప్పే పని మీదే. ఎప్పుడూ వింటారని చెప్పను.

షుగర్

ఆ ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పెట్టాలి. హైమ ఉండే హాస్టల్లో ఫ్రిజ్ ఒక్కటే, అది వార్డెన్ యాదమ్మ వంటగదిలో ఉంటుంది. పాలు, పెరుగు, పూల మాలలు, ఎవరెవరి పేర్లో రాసిన ఊరగాయ డబ్బాలు, వాటి మధ్య ఇంజెక్షన్ల పెట్టె. ఇదేంది బిడ్డా అని యాదమ్మ అడిగితే, షుగర్ అని చెప్పేసింది హైమ.

ఆ సాయంత్రం నుంచి ఆమె టీలో చక్కెర బందైంది. టిఫిన్‌కు అందరికీ పూరీ పెడితే ఆమెకు జొన్నరొట్టె వచ్చింది. "గింత చిన్న వయసుల షుగరేంది బిడ్డా, నువ్వు ఫికర్ జెయ్యకు, నే సూస్కుంట" అని యాదమ్మ రోజూ ఒక గ్లాసు మెంతుల నీళ్లు తాగించేది. పక్క గది అమ్మాయిది కూడా తెనాలి వైపే. ఆ అమ్మాయి ద్వారా కబురు హైమ తల్లికి చేరింది. షుగర్ ఉందని తెలిస్తే సంబంధాలు ఎలా వస్తాయని ఆవిడ ఫోన్‌లో ఒకటే ఏడుపు. చివరికి హైమ అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఇదంతా నాకు హైమే చెప్పింది.

"ఏమన్నది అమ్మ?"

"రెండుసార్లు చెప్పించుకుంది సార్. తర్వాత, షుగర్ కాదుగా, అయితే సరేలే అంది. బయల్దేరి వస్తానంది."

క్లినిక్‌లో

అండాలు తీసే రోజు కంపెనీ తరఫున ఒకరు వచ్చి సంతకం పెట్టాలని క్లినిక్ వాళ్లు అన్నారు. నేనే వెళ్లాను. నేను వెళ్లేసరికి హైమను లోపలికి తీసుకుపోయారు. బయట ఇనుప కుర్చీల్లో ఒకావిడ కూర్చుని ఉంది. పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి, వాళ్లనూ వీళ్లనూ అడిగి మెట్రో ఎక్కి వచ్చిందట. పేరు సుబ్బలక్ష్మి. నేనెవరో చెప్పగానే లేచి నిలబడింది. కూర్చోమ్మా అన్నాను.

"అన్నయ్యగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇందులో మీ కంపెనీకి ఏంటండీ లాభం?"

"పనిమంతురాలు, ఉద్యోగంల ఉంటదని."

"అంతేగా" అంది. "ఊరికే చేస్తున్నారంటే భయమేసిందండీ."

అరగంట తర్వాత డాక్టరమ్మ బయటకు వచ్చింది. అంతా బాగానే జరిగిందని, పిల్లకు కాస్త మత్తుగా ఉందని చెప్పింది. అండాలు మాత్రం అనుకున్నదానికంటే తక్కువ వచ్చాయట. దాచడానికి పనికొచ్చేవి నాలుగు.

"మళ్లీ తీయొచ్చాండీ?" అడిగింది సుబ్బలక్ష్మి గారు.

"ఆపరేషన్ ఇంక ఆపలేమమ్మా. సిస్టులు పెద్దవవుతున్నాయి."

"ముందే వచ్చుంటే?"

"ఇంకో రెండుసార్లు ప్రయత్నించేవాళ్లం" అని చెప్పి డాక్టరమ్మ లోపలికి వెళ్లింది.

ఆవిడ నావైపు తిరిగింది. మరి ఎందుకు ఆలస్యమైందండీ అని అడిగింది. డబ్బు దొరక్క అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆవిడ నమ్మేది కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ అమ్మాయి కంపెనీకి మెయిల్ రాసింది, నంబరు వచ్చింది, ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు అని.

"ఎవరూ చూడందానికి జవాబొస్తుందని కూర్చుందా మా అమ్మాయి" అంది ఆవిడ. కోపంగా అనలేదు. ఆ పిల్ల అంత తెలివితక్కువది కాదే అన్నట్టు అంది. నాకు చాలా సిగ్గేసింది. ఆ చిరునామా నాది కాదు, తాళం నా దగ్గర లేదు, అవన్నీ నిజాలే. ఆ కుర్చీలో కూర్చుని అవి చెబితే ఏం బాగుంటుంది. సంతకం పెట్టేసి, ఆవిడకు టిఫిన్ తెప్పించి, ఆఫీసుకు వచ్చేశాను.

తర్వాత

ఆపరేషన్‌లో ఎడమవైపు అండాశయం పూర్తిగా తీసేయవలసి వచ్చింది. కుడివైపు మిగిలింది కొంచెమే. అంటే ఆ నాలుగే ఆమెకు దాదాపు ఉన్నదంతా.

నేను పట్టుబట్టి నియమాలు రాయించాను. ఈ వైద్యానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని మొదటి వాక్యంలోనే పెట్టించాను. పెళ్లి అయిందా అనే ప్రశ్న తీసేయించాను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ క్లినిక్‌లు కూడా చేర్పించాను, ఎందుకంటే మా పిల్లలు ఉండేది ఇక్కడ, రోజూ ఇంజెక్షన్ కోసం బంజారాహిల్స్ పోలేరు. మందుల కోసం మా ఆఫీసులోనే ఒక చిన్న ఫ్రిజ్ కొనిపించాను. ఆ తర్వాత కొందరు ఆ సౌకర్యం వాడుకున్నారు. నరసింహ టీమ్‌లో ఒకమ్మాయి వాడుకుంటే అతనే దగ్గరుండి షిఫ్టు మార్చాడు. ఇవన్నీ చెప్పుకోదగ్గ పనులే. హైమకు మాత్రం వీటిలో ఒక్కటీ ఉపయోగపడలేదు.

ఏడాదిన్నర తర్వాత ఆమె మాదాపూర్‌లో వేరే ఉద్యోగానికి వెళ్లింది. సుధాకర్ సార్ తను అన్నదే అయింది కదా అన్నట్టు నావైపు చూశాడు. నిల్వ ఖర్చు అప్పటినుంచి ఆమే కట్టుకుంటోంది.

మొన్న ఈమధ్య మా ఇంటికి వచ్చింది. పెళ్లయింది. అతనికి ముందే అన్నీ చెప్పిందట. ఆ నాలుగూ బయటకు తీసి ప్రయత్నం చేయబోతున్నారని చెప్పింది. మా ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లాక, నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం బయటపెట్టాను.

"హైమా, గా రెండు నెలలు పోయినయని నామీద కోపం లేదా?"

"మీమీద ఎందుకు సార్, మీకు తెలీదుగా." కప్పు కింద పెట్టింది. "మేం రాసే అప్పీళ్లలో చివర ఒక వాక్యం ఉంటుంది సార్. ఆలస్యం చేసిన కొద్దీ రోగికి తిరిగి పూడ్చలేని నష్టం జరుగుతుంది అని. ప్రతి ఉత్తరంలోనూ ఉండాలి. ఆ వాక్యం నేను ఒక్కసారి కూడా టైప్ చెయ్యలేదండి. పాత ఉత్తరంలోంచి తీసి అతికించేదాన్ని."